గుత్తి కోటకి వెళ్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

గుత్తి కోట నేను ఐదుసార్లు ఎక్కాను. సరిగ్గా చెప్పాలంటే నాలుగున్నర సార్లు, ఎందుకంటే మొదటిసారి సగంలోనే దిగొచ్చేశాను. ఆ సంగతి కింద నీళ్ళ ప్రశ్న దగ్గర చెబుతాను. నేను వెళ్ళొచ్చానని తెలిసినప్పటి నుంచి స్నేహితులు, వాళ్ళ స్నేహితులు, ఎవరో పెళ్ళిలో కలిసిన వాళ్ళు కూడా అవే ప్రశ్నలు అడుగుతున్నారు. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాను.

గుత్తి కోట ఎక్కడుంది?

అనంతపురం జిల్లాలో. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్ళే 44వ జాతీయ రహదారి మీద, కర్నూలు దాటి అనంతపురం ఇంకా యాభై కిలోమీటర్లు ఉందనగా ఒక పెద్ద బోడికొండ, దాని నెత్తిన గోడలు కనిపిస్తాయి. అదే. ఈ దారిలో వందసార్లు తిరిగినవాళ్ళు కూడా బస్సు కిటికీలోంచి దాన్ని చూసి "ఏదో కోటలా ఉందే" అనుకుని మళ్ళీ నిద్రపోతారు. నేనూ అలాగే చాలా ఏళ్ళు నిద్రపోయాను.

గుత్తి వంకాయకీ ఈ ఊరికీ ఏమైనా సంబంధం ఉందా?

లేదు. నవ్వకండి, నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. ఆ గుత్తి వేరు, ఈ గుత్తి వేరు.

గండికోట చూశాం. ఇది కూడా చూడాలా?

రెండిటికీ పోలిక పెట్టకండి. గండికోటలో చూసేది పెన్నా నది కోసిన లోయ, కోట దానికి తోడు. కారు దిగి నడిచి వెళ్ళి ఫోటో తీసుకోవచ్చు. గుత్తిలో నది లేదు, లోయ లేదు. ఉన్నదంతా కొండ, దాన్ని మనుషులు ఎలా వాడుకున్నారన్నదే. ఫోటోల కోసమైతే గండికోటకే వెళ్ళండి. ఒక కోట ఎలా పనిచేసేదో, శత్రువు ఏ దారిన వస్తాడని భయపడి ఏ గోడ ఎక్కడ కట్టారో, తిండి ఎక్కడ దాచారో, నీళ్ళు ఎక్కడ పట్టారో మీ కాళ్ళతో తెలుసుకోవాలనుంటే గుత్తికి రండి. జనం తక్కువ. ఒక మంగళవారం పొద్దున కొండ మొత్తం మీద నేనూ, ఒక మేకల కాపరీ, ఆయన మేకలూ, అంతే.

ఎలా చేరుకోవాలి?

రైలు బాగానే ఉంటుంది. గుత్తి జంక్షన్ ముంబై, చెన్నై లైను మీద ఉంది. డోన్ వైపు నుంచి ధర్మవరం, బెంగళూరు వైపు వెళ్ళే లైను కూడా ఇక్కడే కలుస్తుంది. కాకపోతే అన్ని రైళ్ళూ ఆగవు. ఆగకపోతే గుంతకల్లులో దిగండి. అది పెద్ద జంక్షన్, అక్కడి నుంచి గుత్తి ముప్పై కిలోమీటర్ల లోపే.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. గుత్తి స్టేషను ఊళ్ళో లేదు. స్టేషను చుట్టూ పెరిగిన పేటని గుత్తి ఆర్.ఎస్. అంటారు, అసలు ఊరు, కోట దానికి దూరంగా ఉంటాయి. రైలు దిగిన చోట కొండ కోసం వెతక్కుండా "గుత్తి టౌన్, కోట దగ్గరికి" అని ఆటో మాట్లాడుకోండి. బస్సులో వస్తుంటే ఎక్కేముందే కండక్టర్ని అడగండి. హైదరాబాద్, బెంగళూరు మధ్య తిరిగే కొన్ని బస్సులు ఊళ్ళోకి రావు, బైపాస్ మీదే దింపుతాయి. రాత్రి రెండింటికి బైపాస్ మీద దిగితే వచ్చే టెన్షన్ ఏమిటో నాకు తెలుసు.

ఇది నిజంగా అంత పాతదా?

ఇప్పుడు కనిపించే గోడల్లో చాలా భాగం విజయనగర కాలానివీ, ఆ తర్వాతివీ. కానీ కొండ మీద మనుషుల కాపలా అంతకంటే చాలా పాతది. పైన నరసింహస్వామి గుడి దగ్గర ఉన్న కన్నడ శాసనాలు కల్యాణి చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడి కాలానివి. ఆయన 1076లో రాజయ్యాడు. అంటే ఓరుగల్లులో రుద్రమదేవి గద్దెనెక్కడానికి దాదాపు నూట ఎనభై ఏళ్ళ ముందు.

నాకు బాగా నచ్చేది మాత్రం విజయనగరం బుక్కరాయల కాలపు సంస్కృత శ్లోకం. 14వ శతాబ్దానిది. అందులో గుత్తిని దుర్గాలకు రాజు అన్నారు, సామ్రాజ్యం ఒక చక్రమైతే దాని నడుమ ఇరుసు దూరే భాగం లాంటిది ఈ కోట అన్నారు. రాజుల శాసనాల్లో గొప్పలు మామూలే. కానీ పైకెక్కి చుట్టూ చూశాక ఇది ఉత్త పొగడ్త కాదనిపించింది. నాలుగు వైపులా చదునైన నేల. ఏ దిక్కున దుమ్ము లేచినా ఇక్కడికి కనిపిస్తుంది.

విజయనగరం తర్వాత గోల్కొండ కుతుబ్ షాహీలు, మొఘలులు, మరాఠా మురారి రావు, మైసూరు హైదర్ అలీ, టిప్పు వరసగా దీన్ని ఏలారు. టిప్పు 1799లో చనిపోయాక నిజాం చేతికొచ్చింది. నిజాం 1800లో ఈ జిల్లాలన్నిటినీ ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అలా ఇచ్చేసినవి కాబట్టే దత్త మండలాలు, ఇంగ్లీషులో సీడెడ్. సినిమా రిలీజైన మర్నాడు "సీడెడ్‌లో ఎంత వసూలైంది" అని ఇప్పటికీ లెక్కలేసుకుంటున్నామే, ఆ సీడెడ్ ఇదే. రాయలసీమ అన్న పేరు తర్వాతెప్పుడో వచ్చింది.

ఎక్కడానికి ఎంతసేపు పడుతుంది? కష్టమా?

మైదానం నుంచి శిఖరం దాదాపు 300 మీటర్ల ఎత్తు. ఆగకుండా ఎక్కితే గంట. చూస్తూ, కూర్చుంటూ ఎక్కితే గంటన్నర నుంచి రెండు గంటలు. పైన తిరగడానికి ఇంకో రెండు గంటలు పెట్టుకోండి. మొత్తానికి ఒక పూట పని.

దారి చాలావరకు రాళ్ళు పరిచిన బాట, మధ్యమధ్య మెట్లు. తాళ్ళు పట్టుకుని ఎక్కే సాహసం ఏమీ లేదు. కానీ వందల ఏళ్ళ అరుగుదలకి రాళ్ళు నున్నగా అయిపోయాయి. ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు జారుతాయి. చెప్పులతో వెళ్ళకండి, అడుగున పట్టున్న బూట్లు వేసుకోండి.

బాట ఎందుకు అన్ని మెలికలు తిరుగుతుందో గమనించండి. ద్వారం దాటగానే దారి తిన్నగా పోదు, ఒక పక్కకి తిరుగుతుంది. పైనుంచి బురుజు ఒకటి ఆ మలుపునే చూస్తూ ఉంటుంది. లోపలికి దూసుకొచ్చినవాడు వేగం తగ్గించుకోక తప్పదు, అప్పుడు వాడి పక్కటెముకలు బురుజు మీద ఉన్నవాడికి ఎదురుగా ఉంటాయి. ఇలాంటి ద్వారాలు పదిహేను అని లెక్క చెబుతారు. నేను ప్రతిసారీ లెక్కపెడుతూ మొదలుపెట్టి, ఆయాసంలో ఎక్కడో మర్చిపోతాను.

కోట మొత్తం ఒకే కొండ అనుకోకండి. ఊరి చుట్టూ కొండలు వలయంలా ఉంటాయి, వాటిని గోడలతో కలిపేశారు. ఆ వలయంలో పడమటి వైపున్న అతి పెద్ద గుండు మీద అసలు దుర్గం ఉంది. పైనుంచి చూస్తే మొత్తం శంఖం ఆకారంలో ఉంటుందంటారు. కాస్త ఊహ కలిపితే నిజమే.

ఎన్ని నీళ్ళు తీసుకెళ్ళాలి?

మనిషికి కనీసం మూడు లీటర్లు. ఈ పేజీ మొత్తంలో ఒక్క జవాబే చదవాలనుకుంటే ఇదే చదవండి.

మొదటిసారి నేను ఏప్రిల్‌లో వెళ్ళాను. ముగ్గురం, రెండు లీటర్ల సీసా ఒకటి. పొద్దున ఏడింటికి మొదలుపెట్టాల్సింది, టిఫిన్లు, ఫోటోలు అంటూ పదింటికి మొదలుపెట్టాం. మూడో ద్వారం దగ్గరికి వచ్చేసరికి సీసా ఖాళీ. పైన బావులున్నాయని ఎక్కడో చదివాను కదా, అక్కడ తాగుదాంలే అన్నాను. మేకలు తోలుకుంటూ ఎదురొచ్చిన పెద్దాయన మా మొహాలు చూసి "ఏం నాయనా, పైన మీ మామ కుండ పెట్టినాడా?" అన్నాడు. తన సీసాలోంచి తలా రెండు గుక్కలు పోసి, దిగి పొమ్మన్నాడు. దిగిపోయాం.

తర్వాత చరిత్ర చదివితే తెలిసింది, ఈ కొండ మీద నీళ్ళ లెక్క తప్పింది మేం మొదటివాళ్ళం కాదని. 1775 చివర్లో హైదర్ అలీ గుత్తిని ముట్టడించాడు. కింద పేట పడిపోయింది, మురారి రావు తనవాళ్ళతో పైకెక్కి తలుపులు వేసుకున్నాడు. ఈ కొండని ఫిరంగులతో కొట్టి పట్టుకోవడం అయ్యే పని కాదు. అందుకే హైదర్ చుట్టూ కూర్చున్నాడు. పైకి ఎక్కినవాళ్ళు మరీ ఎక్కువమంది, గుర్రాలు, పశువులు కూడా. వారాలు గడిచేకొద్దీ నీళ్ళు అడుగంటాయి. చివరికి మురారి రావు డబ్బిచ్చి రాజీ చేసుకోవడానికి ఒప్పుకున్నాడు. ఇక్కడే అప్పటి చరిత్రకారులు రాసిన ముచ్చట ఒకటుంది. బాకీ సొమ్ముకి జామీనుగా పంపిన కుర్రాడు హైదర్ దగ్గర భోజనం చేస్తూ, పైన ఇంక మూడు రోజులకి సరిపడా నీళ్ళే ఉన్నాయని నోరు జారాడట. ఆ మాట విన్న హైదర్ ఏదో వంక పెట్టి రాజీ రద్దు చేసుకుని మళ్ళీ చుట్టూ కూర్చున్నాడు. భోజనం దగ్గర జరిగిన మాటలు నిజమా, కథా అన్నది పక్కన పెట్టినా, 1776లో గుత్తి లొంగిపోయింది దాహానికే. మురారి రావుని శ్రీరంగపట్నానికి, ఆపైన కబ్బాలదుర్గానికి పంపించారు. అక్కడే చనిపోయాడు.

ఇంత గోడ కట్టి, ఇన్ని ద్వారాలు పెట్టి, చివరికి ఒక బిందె దగ్గర ఓడిపోయారు. కొండ ఎక్కుతూ దాహం వేసినప్పుడల్లా ఆ కుర్రాడు గుర్తొస్తాడు. మూడు లీటర్లు. మజ్జిగ తీసుకెళ్తే ఇంకా మంచిది.

పైన 108 బావులు ఉన్నాయంటారు, నిజమేనా?

108 అన్నది మన వాళ్ళకి చాలా ఇష్టమైన అంకె. నేను లెక్కపెట్టలేదు, కొండంతా లెక్కపెట్టిన మనిషి నాకు తగల్లేదు. కానీ బావులు, కోనేర్లు, రాతిలో సహజంగా ఏర్పడిన దొనలు చాలానే ఉన్నాయి. ఇంత ఎత్తులో బావి తవ్వితే నేల నీరు తగలదు. కాబట్టి ఇవి చాలావరకు వాన నీళ్ళు పట్టే ఏర్పాట్లే. నున్నటి బోడి గుండు మీద పడిన వాన ఒక్క చుక్క ఇంకదు, మొత్తం జారుతుంది. ఎటు జారుతుందో చూసి అక్కడ గట్టు కట్టారు, లేదా పగులుని లోతు చేసి సున్నం పూశారు. వర్షాకాలం చివర్లో వెళ్తే ఒక దొన నిండి రెండో దాంట్లోకి పారే దారి కూడా కనిపిస్తుంది. అనంతపురం దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటని గుర్తుపెట్టుకుని చూడండి, అప్పుడు ఆ గట్ల విలువ అర్థమవుతుంది.

ఆ నీళ్ళు ఇప్పుడు తాగకండి. పాచి, ఆకులు, ఇంకా ఏమేమి పడ్డాయో. ఈత కూడా వద్దు. మెట్లు కనిపించినంత మేరా నమ్మి దిగితే ఆ తర్వాత లోతు తెలియదు.

మురారి రావు ఎవరు? మన పుస్తకాల్లో పెద్దగా కనిపించడే?

మరాఠా ఘోర్పడే వంశం. 1740లలో తిరుచిరాపల్లిని కొన్నేళ్ళు ఏలి, దాన్ని వదులుకున్నాక గుత్తిని తన రాజధాని చేసుకున్నాడు. సుమారు ముప్పై ఏళ్ళు దక్షిణాదిలో జరిగిన ప్రతి యుద్ధంలోనూ ఏదో ఒక పక్కన ఆయన గుర్రపు దండు ఉండేది. 1751లో ఆర్కాటు కోటలో ఈస్టిండియా కంపెనీ సేనాని రాబర్ట్ క్లైవు చిక్కుకుపోయినప్పుడు సాయానికి బయల్దేరినవాళ్ళలో ఈయన మనుషులూ ఉన్నారు. వాళ్ళు వస్తున్నారన్న వార్తకే ముట్టడి వేసినవాళ్ళు తొందరపడ్డారు. ఇంగ్లీషు వాళ్ళ చరిత్రలో ఆర్కాటు అంటే క్లైవు ఒక్కడే హీరో. గుత్తి నుంచి చూస్తే కథ కొంచెం వేరుగా ఉంటుంది.

పైన తప్పకుండా చూడాల్సింది ఏమిటి?

మురారి రావు గద్దె. కొండ అంచున, సరిగ్గా ప్రపాతం మీద, చిన్న మంటపం. కిందనున్న ఊరంతా అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. ఆయన ఇక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడని, ఉయ్యాల ఊగేవాడని చెబుతారు. ఖైదీలను పక్కనున్న గుండు మీంచి కిందికి తోయిస్తూ చూసేవాడని కూడా చెబుతారు. మొదటిది నమ్మబుద్ధేస్తుంది, రెండోది నమ్మకూడదనిపిస్తుంది. కానీ రెండూ ఒకే నోటి నుంచి వచ్చినవి.

అక్కడ గాలి గట్టిగా ఉంటుంది. అంచు దగ్గర అడ్డు ఏమీ లేదు. సెల్ఫీ కోసం వెనక్కి అడుగులేసే అలవాటున్నవాళ్ళని ఈ మంటపం దగ్గరికి తీసుకెళ్ళొద్దు.

ఇంకా నరసింహస్వామి గుడి, ధాన్యం దాచిన కొట్లు, మందుగుండు గది, వ్యాయామశాల అని చూపించే కట్టడం ఉన్నాయి. ధాన్యపు కొట్ల దగ్గర కాస్త ఆగండి. మందపాటి గోడలు, మీద కప్పులో ధాన్యం పోసే కంత. లోపల చప్పట్లు కొడితే ప్రతిధ్వని ఎంతసేపు నిలుస్తుందో వినండి. కంపెనీ రోజుల్లో ఇక్కడి కలెక్టరు థామస్ మన్రో పైనున్న కట్టడాలని ఎదురు తిరిగిన పాలెగాళ్ళకి జైలుగా వాడాడు. చూస్తే మీకూ అర్థమవుతుంది, తలుపు ఒక్కటి పెడితే చాలు.

ఏం చూడకపోయినా ఫర్వాలేదు?

ఓపిక అయిపోతే చుట్టూ ఉన్న చిన్న కొండల గోడలు వదిలేయండి. ముళ్ళకంప ఎక్కువ, దూరం నుంచి కనిపించేదే అక్కడా ఉంటుంది.

ఏ నెలలో వెళ్ళాలి?

నవంబరు నుంచి ఫిబ్రవరి. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో కొండ పచ్చగా అందంగా ఉంటుంది కానీ రాళ్ళు జారుతాయి. మార్చి నుంచి జూన్ దాకా వద్దు. ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, రాయి కాలి, కింద నుంచి కూడా సెగ కొడుతుంది. ఏ నెలైనా పొద్దున ఆరున్నరకల్లా మొదలుపెట్టి, పదకొండుకల్లా దిగిపోయేలా చూసుకోండి.

పిల్లల్ని, పెద్దవాళ్ళని తీసుకెళ్ళొచ్చా?

ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలు మనకంటే బాగా ఎక్కుతారు. చంటిపిల్లల్ని ఎత్తుకుని ఎక్కొద్దు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి దిగడమే కష్టం, కాబట్టి మొదటి రెండు ద్వారాల దాకా తీసుకెళ్ళి, నీడలో కూర్చోబెట్టి, ఎవరో ఒకరు తోడుండండి. మా అమ్మ అలా కూర్చుని, మేం దిగొచ్చేసరికి గడ్డికోసే ఇద్దరు ఆడవాళ్ళతో స్నేహం చేసి, వాళ్ళ ఊరి కథలన్నీ సేకరించింది. కోట గురించి నాకు తెలిసిన దానికంటే ఆమెకే ఎక్కువ తెలిసింది.

ఒంటరిగా వెళ్ళొచ్చా?

వద్దు. భయపడాల్సిన చోటని కాదు. కాలు బెణికితే పిలవడానికి మనిషి ఉండడు. ఇద్దరైనా ఉండండి, కింద ఆటో అతనికో టీ కొట్టు ఆయనకో "ఫలానా టైముకి దిగుతాం" అని చెప్పి ఎక్కండి.

గైడ్లు దొరుకుతారా?

బోర్డు పెట్టుకుని కూర్చునే గైడ్లని నేను చూడలేదు. కోటకింద వీధుల్లో అడిగితే ఎవరో ఒక కుర్రాడు వస్తాడు. డబ్బులు ముందే మాట్లాడుకోండి. తేదీలు, రాజుల పేర్లు అతను చెప్పినవి రాసుకోకండి. దారి మాత్రం అతను చెప్పినట్టే నడవండి.

పాములు, కోతులు ఉంటాయా?

కోతులున్నాయి. సంచిలో అరటిపండ్లు కనబడనివ్వకండి. పాములు, తేళ్ళు రాతి కొండ అన్నాక ఉంటాయి. చూడకుండా రాళ్ళ సందుల్లో చెయ్యి పెట్టకండి, చీకటి గదుల్లోకి టార్చి లేకుండా వెళ్ళకండి.

ఇక్కడ ఒక సాలీడు సంగతి చెప్పాలి. ప్రపంచంలో గుత్తి పేరు తెలిసినవాళ్ళలో చాలామందికి కోట తెలియదు, సాలీడు తెలుసు. మెరిసే నీలం రంగు, వెంట్రుకల కాళ్ళు, అరచేయంత ఉంటుంది. 1899లో దాన్ని మొదట వర్ణించిన శాస్త్రవేత్తకి ఆ నమూనా గుత్తి రైల్వే కట్టెల యార్డు నుంచి వెళ్ళింది, అందుకే విదేశాల్లో దాన్ని గుత్తి టరాంటులా అంటారు. నిజానికి దాని ఊరు నల్లమల అడవి. పాపం కట్టెలతో పాటు రైలెక్కి వచ్చి ఉంటుంది. ఆ తర్వాత వందేళ్ళ దాకా ఎవరికీ మళ్ళీ కనిపించలేదు, 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో దొరికింది. ఇప్పుడు అంతరించిపోయే దశలో ఉంది. కోట మీద దాని కోసం వెతకకండి, ఉండదు.

రాత్రి పైన టెంటు వేసుకోవచ్చా? డ్రోన్ ఎగరేయొచ్చా?

రెండూ కుదరవు. ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. చీకటి పడకముందే దిగిపోవాలి. డ్రోన్‌కి, సినిమా షూటింగ్‌కి ముందుగా రాతపూర్వక అనుమతి ఉండాలి.

గుప్తనిధులు ఉన్నాయంటారు?

ఉన్నాయని నమ్మినవాళ్ళు తవ్విన గుంతలు మాత్రం ఉన్నాయి. రాయలసీమలో నిధి కథ లేని కోట ఒక్కటి చెప్పండి చూద్దాం. ఏ రాతి మీద ఏ గుర్తు కనిపించినా అది నిధికి దారి అని ఒకడు, అమావాస్య అని ఇంకొకడు, చివరికి విగ్రహం పగులుతుంది, శాసనం పగులుతుంది. రక్షిత కట్టడాన్ని పాడు చేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడతాయి. గోడ మీద బొగ్గుతో ప్రేమించినవాళ్ళ పేరు రాయడం కూడా పాడు చెయ్యడమే.

ఇంకోమాట. నిజంగా నిధి ఉండి ఉంటే మురారి రావు రాజీ సొమ్ములో బాకీ పెట్టి, జామీనుగా మనిషిని పంపేవాడు కాదు.

తిండి, బస?

కొండ మీద ఏమీ దొరకదు. ఊళ్ళో పొద్దున్నే ఉగ్గాని, బజ్జి తిని ఎక్కండి. తేలిగ్గా ఉంటుంది, ఆకలి ఆగుతుంది. శీతాకాలం మొదట్లో అయితే రోడ్డు పక్కన సీతాఫలాల బుట్టలు కనిపిస్తాయి, దిగొచ్చాక వాటి ముందు ఆగకుండా పోలేరు. బసకి గుత్తిలో మామూలు లాడ్జీలే. కుటుంబంతో వస్తే అనంతపురంలో దిగి పొద్దున్నే బయల్దేరడం మంచిది.

చుట్టుపక్కల ఇంకా ఏం చూడొచ్చు?

సాయంత్రం మిగిలితే ఎర్రగుడి వెళ్ళండి. గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే దారిలో, జొన్నగిరి దగ్గర, కర్నూలు జిల్లా సరిహద్దు దాటగానే. పదిహేను కిలోమీటర్లు ఉంటుందేమో. అక్కడి గుండ్ల మీద అశోకుడి శాసనాలున్నాయి. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దం, బ్రాహ్మీ లిపి. వాటిలో ఒకదాన్ని చెక్కినవాడు ఒక వరస ఎడమ నుంచి కుడికి, ఇంకో వరస కుడి నుంచి ఎడమకి, నాగలి చాలు తిప్పినట్టు రాసుకుంటూ పోయాడు. ఎందుకలా రాశాడో పండితులు తలలు పట్టుకుంటున్నారు. గుత్తి కోట గోడలు చూసి "ఎంత పాతవో" అనుకుని వచ్చినవాళ్ళకి, ఆ గుండ్ల ముందు కోట నిన్నమొన్నటిదిలా అనిపిస్తుంది.

అదే జొన్నగిరి పొలాల్లో, తొలకరి పడగానే, జనం తల వంచుకుని నడుస్తూ కనిపిస్తే ఏదో పోగొట్టుకున్నారని అనుకోకండి. వజ్రాలు వెతుకుతున్నారు. వానకి మట్టి కొట్టుకుపోయి అప్పుడప్పుడూ నిజంగానే దొరుకుతాయి. ఇటు వజ్రకరూరు వైపూ ఇదే సందడి. దారిన పోతూ నేనూ ఒక గంట వెతికాను. గాజుపెంకు దొరికింది.

రెండో రోజు కూడా ఉంటే తాడిపత్రి. యాభై కిలోమీటర్లు. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి, ఊళ్ళో చింతల వెంకటరమణుడి గుడి, రెండూ విజయనగర కాలానివి. బుగ్గ గుళ్ళో లింగం దగ్గర నీరు ఊరుతూనే ఉంటుంది. మూడు లీటర్లు మోసుకుని కొండెక్కి వచ్చినవాళ్ళకి ఆ ఊట చూస్తే కొంచెం అసూయగా ఉంటుంది.

మన్రో సమాధి గుత్తిలో ఉందా, చెన్నైలో ఉందా?

రెండు చోట్లా ఉంది. మన్రో 1800 నుంచి 1807 దాకా దత్త మండలాలకి మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు. రైతు పేరు మీదే పట్టా, రైతు దగ్గరే నేరుగా శిస్తు అన్న రైత్వారీ పద్ధతిని ఇక్కడ స్థిరపరిచింది ఆయనే. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. పదవి దిగి ఇంగ్లండు వెళ్ళబోయేముందు తన పాత జిల్లాలని ఒకసారి చూసి పోదామని వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. కలరా నీళ్ళతో వస్తుందని ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు. గుత్తి కోట కింద ఇంగ్లీషువాళ్ళ శ్మశానంలో పూడ్చారు. 1831లో అస్థికలని మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. గుత్తిలో రాతి సమాధి మాత్రం మిగిలింది.

కోట దిగాక చూడండి, దగ్గరే. గేటు మూసి ఉంటే చుట్టుపక్కల ఇళ్ళలో అడగండి. ఇంకా ఓపికుంటే ఎర్రగుడి నుంచి అదే రోడ్డు పత్తికొండ పోతుంది. అక్కడ ఆయన చనిపోయిన చోట గుర్తుగా ప్రభుత్వం ఒక తోపు వేయించి, మెట్ల బావి తవ్వించింది.